డీజిల్ మసి ఎందుకు తేలిగ్గా కాలదు? ఫిల్టర్ లైటు వెనుక ఉన్న ఆక్సైడ్ల రసాయనం

క్లుప్తంగా

డీజిల్ మసి తనంతట తాను కాలాలంటే 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఊళ్లో తిరిగే బండి పొగ గొట్టంలో అంత వేడి పుట్టదు. సీరియం, మాంగనీసు లాంటి లోహాల ఆక్సైడ్లు ఆ అవసరాన్ని వంద, రెండు వందల డిగ్రీల మేర తగ్గిస్తాయి. ఇలా తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను సులువు చేసే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. కాకపోతే మసి వచ్చి ఆ ఉత్ప్రేరకాన్ని గట్టిగా ఆనుకోవాలి. ఆ స్పర్శ కుదరకపోతే ప్రయోగశాలలో వచ్చిన ఫలితం రోడ్డు మీద రాదు. విజయనగరం జిల్లా మాంగనీసు, శ్రీకాకుళం తీరపు ఇసుకలోని సీరియం ఈ విషయానికి దగ్గరి చుట్టాలే గానీ, ఖనిజం నుంచి ఉత్ప్రేరకం దాకా ఉన్న దూరం చిన్నది కాదు.

లైటు ఎందుకు వెలుగుతుంది?

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లి వచ్చే డీజిల్ కారును తీసుకోండి. ఒక వైపు ప్రయాణం పది పన్నెండు కిలోమీటర్లు. ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆగి, బజారులో నెమ్మదిగా పాకి, స్టేషన్ బయట ఇంజన్ ఆపకుండా కాసేపు నిలబడి తిరిగి వస్తుంది. ఇలా కొన్ని వారాలు తిరిగాక డాష్‌బోర్డు మీద డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ తాలూకు లైటు వెలుగుతుంది. పట్టించుకోకుండా నడిపితే ఇంజన్ పవర్ తగ్గిపోయి బండి ఈడ్చుకుంటూ వెళ్తుంది. ‘ఫిల్టర్ జామ్ అయింది’ అంటారు సర్వీస్ సెంటర్లో. ‘తీసేస్తే గొడవ వదిలిపోతుంది’ అనే సలహా షెడ్డులో దొరుకుతుంది.

అదే మోడల్ కారు నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిలో రోజూ ఇచ్ఛాపురం దాకా పోయి వస్తుంటే ఆ లైటు ఎప్పుడో గానీ వెలగదు. రెండింటి ఫిల్టర్ ఒకటే, డీజిల్ ఒకటే. తేడా ఉన్నది పొగ వేడిలో.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 (భారత్ స్టేజ్-6) ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. బీఎస్-5ను వదిలేసి నేరుగా బీఎస్-4 నుంచి ఆరుకు దూకారు. బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా రేణువులు వదలొచ్చు. బీఎస్-6లో ఆ హద్దు 4.5 మిల్లీగ్రాములు. బరువుతో పాటు లెక్క కూడా చూస్తారు. కిలోమీటరుకు రేణువులు 60 వేల కోట్లు దాటకూడదు. వినడానికి పెద్ద అంకెలా ఉన్నా, ఫిల్టర్ లేని డీజిల్ ఇంజన్ వదిలే దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఇంజన్‌ను ఎంత మెరుగుపరిచినా ఈ హద్దులోకి రావడం కష్టం. అందుకే ఆచరణలో ప్రతి బీఎస్-6 డీజిల్ కారుకూ ఫిల్టర్ తప్పనిసరి అయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ఫిల్టర్‌ను కంపెనీల వ్యాపార ఎత్తుగడగా చూసేవాళ్లు ఈ నేపథ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఫిల్టర్ నిర్మాణం తేనెపట్టును పోలి ఉంటుంది. కార్డియరైట్ లేదా సిలికాన్ కార్బైడ్ అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన దిమ్మ, దాని నిండా సన్నని గొట్టాలు. ఒక గొట్టానికి ముందు వైపు మూత ఉంటే పక్క గొట్టానికి వెనుక వైపు మూత. దాంతో పొగకు వేరే దారి లేక మధ్య గోడలోంచి వడకట్టుకుని పోతుంది. మసి గోడ మీద మిగిలిపోతుంది. జల్లెడలో పిండి పట్టినట్టు అది పేరుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు కాల్చి వాయువుగా పంపేస్తేనే ఫిల్టర్ మళ్లీ ఊపిరి పీల్చుకుంటుంది. ఈ కాల్చే పనినే రీజనరేషన్ అంటారు.

మసి మొండితనం

కట్టెల పొయ్యి మీద వంట చూసినవాళ్లకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. మసి దట్టంగా పట్టిన కుండ అడుగున ఒక్కోసారి చిన్న నిప్పురవ్వలు పుట్టి, చీమల బారులా పాకుతూ పోతాయి. అవి పోయిన చోట నలుపు తగ్గి బూడిద రంగు కనిపిస్తుంది. ఫిల్టర్ లోపల జరిగేదీ దాదాపు అదే.

మసి మొదటి రేణువు వెడల్పు 20 నుంచి 30 నానోమీటర్లు. అలాంటివి గుత్తులుగా అతుక్కుని వంద నానోమీటర్ల ప్రాంతంలో ఒక గొలుసు అవుతుంది. కార్బన్ పొరలు ఉల్లిపాయలా చుట్టుకుని ఉండటం వల్ల ఆక్సిజన్‌కు లోపలికి చొరబడే సందు తక్కువ. అందుకే అంత సన్నటి పొడి అయినా తేలిగ్గా అంటుకోదు. డీజిల్ పొగలో ఆక్సిజన్ కొదవ లేదు, కావలసింది వేడి. ఊళ్లో తిరిగే కారు పొగ 150 నుంచి 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. రహదారి మీద బరువుతో పరుగెత్తితే 300, 400 దాకా వస్తుంది. 600 అన్నది మామూలుగా అందే అంకె కాదు.

ఉత్తరాంధ్ర ఎండకు ఫిల్టర్ దానంతట అదే వేడెక్కుతుందని అనుకోవడం పొరపాటు. బయట 42 డిగ్రీలున్నా 22 ఉన్నా, వందల డిగ్రీల లెక్కలో ఆ ఇరవైకి విలువ లేదు.

ఈ లోటును పూడ్చడానికి ఇంజన్ కంప్యూటర్ ఒక పని చేస్తుంది. సిలిండర్లో దహనం అయిపోయాక కాస్త డీజిల్ ఆలస్యంగా చిమ్ముతుంది. అది ఫిల్టర్‌కు ముందున్న ఆక్సిడేషన్ కాటలిస్ట్ అనే ఉత్ప్రేరకపు దిమ్మ దగ్గర మండి పొగను 600 డిగ్రీలకు లేపుతుంది. పది, ఇరవై నిమిషాలు అలాగే నడిస్తే ఫిల్టర్ శుభ్రం. అది సగంలో ఉండగానే ఇంటికి చేరి తాళం తిప్పేస్తే పని ఆగిపోతుంది. ఇలా పదేపదే ఆగితే, ఆలస్యంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపిస్తే సంతోషించాల్సింది లేదు. ఆయిల్ పలచబడుతోందని అర్థం.

లోహ ఆక్సైడ్ ఉత్ప్రేరకాల అవసరం ఇక్కడే మొదలవుతుంది. మసి కాలే వేడిని 600 నుంచి కిందికి దించగలిగితే వృథా డీజిల్ తగ్గుతుంది, ఊరి ప్రయాణంలోనూ కొంత మసి దానంతట అదే కాలిపోతుంది.

ప్లాటినం దారి, ఆక్సైడ్ దారి

ప్రస్తుతం రోడ్డు మీద ఎక్కువగా వాడేది ప్లాటినం దారి. పొగలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఎలాగూ ఉంటుంది. ప్లాటినం దాన్ని నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఈ రెండోది ఆక్సిజన్ కన్నా చురుకైనది. 250 నుంచి 400 డిగ్రీల మధ్యే మసిని కాల్చగలదు. మసిని కాల్చాక మళ్లీ నైట్రిక్ ఆక్సైడ్ అయిపోతుంది. వాయువు కాబట్టి మసి ఏ మూల దాక్కున్నా వెతుక్కుంటూ పోతుంది. ప్లాటినం మసిని తాకాల్సిన పని లేదు. బ్రిటన్‌కు చెందిన జాన్సన్ మాథీ సంస్థ ఈ పద్ధతిని 1990లలో మార్కెట్లోకి తెచ్చింది.

చిక్కులు లేకపోలేదు. ప్లాటినం ఖరీదు అందరికీ తెలిసిందే. ఒక గ్రాము కార్బన్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారాలంటే, రసాయన లెక్క ప్రకారం, 7.7 గ్రాముల నైట్రోజన్ డయాక్సైడ్ కావాలి. మరో వైపు అవే నైట్రోజన్ వాయువులను తగ్గించమని ప్రమాణాలు ఇంజన్‌ను ఒత్తిడి చేస్తున్నాయి. కారుకు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాములు ఉన్న హద్దు 80కి పడింది. మసిని కాల్చే వాయువునే ఇంజన్ తక్కువగా పుట్టిస్తే, కాల్చే పని ఎవరు చేయాలి? పైగా 400 డిగ్రీలు దాటుతున్నకొద్దీ నైట్రోజన్ డయాక్సైడ్ నిలవడం తగ్గుతుంది.

రెండో దారి ఆక్సైడ్లది. ఇక్కడ ఉత్ప్రేరకం తన సొంత ఆక్సిజన్‌ను నేరుగా మసికి అందిస్తుంది. ఇది నైట్రోజన్ వాయువుల మీద ఆధారపడదు. సీరియం, మాంగనీసు, కోబాల్ట్, రాగి, ఇనుము ఆక్సైడ్ల మీద ఎక్కువ పరిశోధన జరిగింది. లాంథనం, మాంగనీసు లాంటి లోహాలు ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణంలో కలిసిన పెరోవ్‌స్కైట్లు అనే ఆక్సైడ్లు మరో వర్గం. కోబాల్ట్ బాగా పనిచేస్తుంది గానీ ధర, విషప్రభావం రెండూ ఎక్కువే. ఇనుము చవక, కాకపోతే బలం తక్కువ. వనేడియం ఆక్సైడ్ 690 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. రీజనరేషన్ వేడికి అది ఆట్టే దూరం కాదు. ఎటు తిరిగినా చివరకు చర్చ సీరియా, అంటే సీరియం ఆక్సైడ్ చుట్టూనే తిరుగుతుంది.

చేబదులు ఇచ్చే సీరియా

సీరియం రెండు స్థితుల మధ్య తేలిగ్గా అటూ ఇటూ మారుతుంది. నాలుగు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితి ఒకటి, మూడు కోల్పోయిన స్థితి ఇంకొకటి. మసి వచ్చి ఆనుకున్నప్పుడు సీరియా తన ఉపరితలం మీది ఆక్సిజన్‌ను ఇచ్చేస్తుంది. అక్కడ ఒక ఖాళీ మిగులుతుంది. పొగలోని ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీని నింపుతుంది. చేబదులు ఇచ్చి, సాయంత్రానికి వేరేచోట వసూలు చేసుకునే మనిషి లాంటిది సీరియా. దాని చేతిలోది తరగదు, పక్కవాడి పని మాత్రం జరిగిపోతుంది. ఆక్సైడ్ తన ఆక్సిజన్‌నే ఇచ్చి, తర్వాత గాలి నుంచి పూడ్చుకుంటుందనే ఈ వివరణను 1954లో మార్స్, వాన్ క్రెవెలెన్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మసి మీద కాదు, వేరే చర్య గురించి. కానీ ఇక్కడికీ చక్కగా సరిపోయింది.

ఖాళీలో వచ్చి కూర్చునే ఆక్సిజన్ కుదురుగా కూర్చోదు. మొదట ఒక ఎలక్ట్రాన్ తీసుకుని చురుకైన రూపంలోకి మారుతుంది. మసిని అసలు కొరికేది ఎక్కువగా ఈ రూపమే. కాబట్టి ఎక్కువ ఖాళీలు ఉన్న సీరియా ఎక్కువ పని చేస్తుంది. ఖాళీలు పెంచడానికి అందులో వేరే లోహాన్ని కలుపుతారు. జిర్కోనియం కలిపితే మరో లాభం కూడా ఉంది. ఒట్టి సీరియాను 800 డిగ్రీల్లో ఉంచితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి, పనిచేసే ఉపరితలం పడిపోతుంది. జిర్కోనియం దాన్ని చాలావరకు ఆపుతుంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో సీరియాకు జిర్కోనియం, లాంథనం, హాఫ్నియం వంటివి కలిపిన మిశ్రమ ఆక్సైడ్ల మీద ఏళ్ల తరబడి పని జరిగింది.

మాంగనీసు కలిపినప్పుడు రెండు దారులూ ఒకేచోట కలుస్తాయి. మాంగనీసుకు రెండు, మూడు, నాలుగు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితులున్నాయి కాబట్టి ఆక్సిజన్ ఇచ్చిపుచ్చుకోవడం దానికి సులువు. అదే సమయంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మార్చడమూ దానికి వచ్చు. ప్లాటినం చేసే పనిలో కొంత భాగం చవకైన లోహంతో అవుతుంది. మాంగనీసు, సీరియం జోడీ మీద ఇన్ని పరిశోధనలు రావడానికి కారణం ఇదే.

గరిటెతో కలిపారా, రోట్లో నూరారా?

ఈ రంగంలో వచ్చే వార్తలు పాఠకుణ్ణి ఎక్కువగా తికమక పెట్టేది ఇక్కడే. ‘కొత్త ఉత్ప్రేరకంతో 350 డిగ్రీలకే మసి కాలింది’ అని చదువుతాం. తర్వాత ఆ ఉత్ప్రేరకం ఏ బండిలోనూ కనిపించదు. ఇందులో మోసం ఉండకపోవచ్చు. తేడా మసినీ ఉత్ప్రేరకాన్నీ కలిపిన పద్ధతిలో ఉంటుంది.

మామూలు ఉత్ప్రేరకాలు వాయువులతోనో ద్రవాలతోనో పనిచేస్తాయి. అవి ప్రవహిస్తూ వచ్చి ఉత్ప్రేరకాన్ని తాకుతాయి. ఇక్కడ మసి ఘనపదార్థం, ఉత్ప్రేరకం ఘనపదార్థం. రెండు రాళ్లను పక్కపక్కన పెడితే అవి ఎన్ని చోట్ల తాకుతాయి? మూడు నాలుగు బిందువుల దగ్గర. సీరియా ఆక్సిజన్‌ను చేబదులు ఇవ్వగలిగేది ఆ బిందువుల దగ్గరే, లేదా వాటికి ఆనుకుని ఉన్న కొద్దిపాటి మేరలోనే.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో ఈ విషయాన్ని తేటతెల్లం చేశారు. మసినీ ఉత్ప్రేరకాన్నీ మరలో వేసి మెత్తగా నూరితే దాన్ని గట్టి స్పర్శ అన్నారు. చిన్న గరిటెతో అలా అలా కలిపితే వదులు స్పర్శ. అవే పదార్థాలు, అదే మోతాదు. కాలే వేడి మాత్రం వంద డిగ్రీలకు పైగా మారిపోగలదు. ఒట్టి సీరియాకు సుమారుగా చూస్తే, గట్టి స్పర్శలో 400 డిగ్రీల దగ్గర సగం మసి కాలితే, వదులు స్పర్శలో 500 దాటాలి. ఉప్పూకారం రోట్లో వేసి నూరిన పచ్చడికీ, పైన చల్లి గరిటెతో తిప్పిన పచ్చడికీ ఉన్న తేడా అనుకోవచ్చు.

ఫిల్టర్ లోపల నూరేవాళ్లు ఎవరూ లేరు. పొగతో కొట్టుకొచ్చిన మసి గోడ మీద వాలుతుంది, దాని మీద మరో పొర. అది వదులు స్పర్శ. పైపొరలకు ఆ స్పర్శ కూడా లేదు. అందుకే ఉత్ప్రేరకం గురించి ఏ అంకె చదివినా మొదట అడగాల్సింది ‘వదులా, గట్టా?’ అని. రెండోది, ఆ పరీక్ష గాలిలో చేశారా, నైట్రోజన్ వాయువులు కలిపి చేశారా అని. ఈ రెండూ చెప్పని అంకెకు విలువ లేదు. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టుల దగ్గర నుంచి పత్రికా ప్రకటనల దాకా ఈ వివరమే తరచుగా జారిపోతుంటుంది.

ఇంకో చిక్కు రంధ్రాలది. ఉత్ప్రేరకం గొప్పతనాన్ని మామూలుగా గ్రాముకు ఎన్ని చదరపు మీటర్ల ఉపరితలం ఉందో చెప్పి చాటుతారు. ఆ ఉపరితలంలో ఎక్కువ భాగం పది నానోమీటర్లకన్నా చిన్న రంధ్రాల లోపల ఉంటుంది. మసి రేణువు అందులో పట్టదు, ఆవగింజ పట్టే కన్నంలో శనగగింజ దూరనట్టే. వాయువులకు పనికొచ్చే ఉపరితలం మసికి పనికిరాదు. మసికి కావలసింది తాను నడిచి రాగలిగేటంత వెడల్పైన వాకిళ్లు. అందుకే వందల నానోమీటర్ల రంధ్రాలు వరుసగా పేర్చినట్టుండే ఆక్సైడ్లను, పీచుల్లాంటి ఆక్సైడ్లను జపాన్, చైనా, యూరప్ ప్రయోగశాలల్లో తయారుచేస్తున్నారు.

జపాన్‌లో టొయోటాకు చెందిన పరిశోధన కేంద్రం వేరే ఉపాయం పట్టింది. మధ్యలో వెండి, చుట్టూ సన్నటి సీరియా రేణువులు అతుక్కున్న గుండ్రటి ముద్దను తయారుచేసి, దానికి వాళ్ల దేశపు అన్నం ముద్ద పేరే పెట్టారు. మన లెక్కలో ఆవకాయ ముక్క లోపల పెట్టి కట్టిన గోరుముద్ద. ఆక్సిజన్‌ను లోపలి వెండి చురుగ్గా మార్చి సీరియా మీదుగా బయటికి పంపుతుంది. వదులు స్పర్శలోనూ అది బాగా పనిచేసింది.

పాత ఉపాయమే ఒక విధంగా అన్నిటికన్నా సూటిగా ఉంది. ప్యూజో 2000లో తెచ్చిన 607 మోడల్ కారులో సీరియం సమ్మేళనాన్ని నేరుగా డీజిల్లో కలిపారు. ఇంజన్లో మసి పుట్టేటప్పుడే దాని కడుపులో సీరియా రేణువులు పుడతాయి. స్పర్శ సమస్యే లేదు, ఎందుకంటే అవి కలిసే పుట్టాయి. మసి 450 డిగ్రీల ప్రాంతంలోనే కాలింది. కాకపోతే మసి పోయాక సీరియా బూడిదగా ఫిల్టర్లోనే మిగిలింది. దానికి తోడు మందు కోసం వేరే ట్యాంకు, దాన్ని నింపే ఖర్చు.

పొయ్యి బూడిద నేర్పే పాఠం

కుండ అడుగున మసి పాకుతూ కాలడానికి ఒక రహస్యం తోడై ఉండొచ్చు. కట్టె బూడిదలో పొటాషియం ఉంటుంది. పొటాషియం కార్బన్ మండటాన్ని వేగం చేస్తుంది. ఆక్సైడ్ ఉత్ప్రేరకాల్లో పొటాషియం కలిపితే కాలే వేడి బాగా దిగుతుందని పరిశోధకులు చాలాకాలం కిందటే గుర్తించారు. కారణం మళ్లీ స్పర్శే. పొటాషియం లవణాలు వేడికి మెత్తబడి, కదిలి, మసి మీదికి పాకుతాయి. రాళ్లు పక్కపక్కన ఉన్న స్థితి పోయి, తడి గుడ్డ కప్పినట్టు అవుతుంది.

మరి అదే ఎందుకు వాడటం లేదు? సబ్బులు లేని రోజుల్లో బట్టలు ఉతకడానికి బూడిద నీళ్లు వాడినవాళ్లను అడిగితే చెబుతారు. పొటాషియం నీళ్లలో ఇట్టే దిగిపోతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు పొగలోని ఆవిరి నీరై ఫిల్టర్లో చేరుతుంది, పొటాషియాన్ని కడిగేస్తుంది. వేడెక్కినప్పుడు ఆవిరైపోతుంది, లేదా ఫిల్టర్ గోడనే తినేస్తుంది. పెరోవ్‌స్కైట్ నిర్మాణంలో బిగించి పొటాషియం కదలకుండా చేయాలని ప్రయత్నాలు జరిగాయి. బిగిస్తే పాకదు, పాకకపోతే స్పర్శ తగ్గుతుంది. మసిని తేలిగ్గా కాల్చే గుణం, ఎక్కువకాలం నిలిచే గుణం ఒకదానికొకటి ఎదురు నిలవడం ఈ రంగంలో మాటిమాటికీ ఎదురయ్యే విషయం.

గరివిడి మాంగనీసు, గార ఇసుక

భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఇప్పటి విజయనగరం జిల్లాలోనే మొదలైంది. గరివిడి, చీపురుపల్లి ప్రాంతపు గనులకు శతాబ్దానికి పైగా చరిత్ర ఉంది. ఇక్కడి కోడూరు గని పేరు మీద ‘కోడురైట్’ అని ఒక రాయికే పేరు పెట్టారు. శ్రీకాకుళం తీరంలో, గార మండలంలోని శ్రీకూర్మం, కళింగపట్నం వైపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌లతో పాటు మోనజైట్ అనే ఖనిజం ఉంది. మోనజైట్‌లో అరుదైన మృత్తికలు అనే వర్గానికి చెందిన లోహాలు ఉంటాయి, వాటిలో పెద్ద వాటా సీరియంది. అంటే మసిని కాల్చే జోడీలో రెండు లోహాలూ పక్కపక్క జిల్లాల్లో దొరుకుతాయి.

ఇక్కడ ఉత్సాహానికి కాస్త కళ్లెం వేయాలి. గరివిడి ఖనిజం ప్రధానంగా ఉక్కు తయారీకి కావలసిన ఫెర్రో మాంగనీసు కోసం వెళ్తుంది. ఖనిజంలో ఇనుము, సిలికా, భాస్వరం కలిసి ఉంటాయి. ఉత్ప్రేరకానికి శుద్ధమైన మాంగనీసు లవణం కావాలి. దాన్ని నీళ్లలో కరిగించి, సీరియం లవణంతో కలిపి, నానోమీటర్ల కొలతలో ఆక్సైడ్‌గా దింపాలి. రాయిని పొడి చేసి ఫిల్టర్‌కు పూస్తే పని జరగదు. మోనజైట్ సంగతి ఇంకా వేరు. అందులో అణు ఇంధనంగా పనికొచ్చే థోరియం ఉంటుంది కాబట్టి అది అణుశక్తి చట్టాల పరిధిలోకి వస్తుంది. ఎవరుబడితే వాళ్లు తవ్వి శుద్ధి చేయడానికి వీల్లేదు. ఆ పని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ చేతిలో ఉంది.

సీరియం విషయంలో కొరత భయం పెద్దగా అక్కర్లేదు. పేరు అరుదైన మృత్తికే గానీ, భూమి పైపొరలో దాని మోతాదు రాగికి దగ్గరగా ఉంటుంది. అయస్కాంతాలకు కావలసిన నియోడిమియం కోసం తవ్వేటప్పుడు సీరియం ఎలాగూ బయటపడుతుంది. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఏడు మూలకాల్లో సీరియం లేదు. ఉత్ప్రేరకం ధరను నిర్ణయించేది తయారీ, పూత, మన్నిక పరీక్షలే. ముడి ఖనిజం దొరికే చోటుకు ఇందులో పాత్ర తక్కువ.

గంధకం, కల్తీ

బీఎస్-6 డీజిల్లో గంధకం పది పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది పాళ్లు, దాటకూడదు. బీఎస్-4లో 50 ఉండేది. ఈ మార్పు లేకపోతే ఈ ఉత్ప్రేరకాలన్నీ కాగితం మీదే ఉండేవి. గంధకం మండి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అది సీరియా, మాంగనీసు ఆక్సైడ్ల మీద సల్ఫేట్లుగా కూర్చుంటుంది. సల్ఫేట్ అయిన చోట ఆక్సిజన్ ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. మాంగనీసు ఈ దెబ్బకు మరీ సులువుగా లొంగుతుంది. ప్రయోగశాలలో మెరిసి రోడ్డు మీద వాడిపోవడానికి ఇది రెండో కారణం. డీజిల్లో కిరోసిన్ కలిపినా, ఇతర చౌక నూనెలు కలిపినా ఈ గంధకం దొడ్డిదారిన మళ్లీ వస్తుంది. పంపు దగ్గర మిగిలిన నాలుగు రూపాయలు ఫిల్టర్ దగ్గర వేలల్లో చెల్లించాల్సి రావచ్చు.

ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

లారీల ఊరుగా పేరున్న సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అక్కడి నుంచి ఒడిశా వైపు ఘాట్ ఎక్కే లోడు లారీ పొగ బాగా వేడెక్కుతుంది. ఫిల్టర్లో మసి ఎప్పటికప్పుడు కాలిపోతుంది. ఖాళీగా దిగేటప్పుడు ఇంజన్‌కు పనే ఉండదు, పొగ చల్లబడుతుంది.

ప్రమాదం ఈ రెండింటి మధ్య ఉంది. మసి మోతాదు మించి పేరుకున్నాక కాలడం మొదలైందనుకుందాం. రెండున్నర లీటర్ల ఫిల్టర్లో లీటరుకు ఆరు గ్రాముల చొప్పున 15 గ్రాముల మసి. అది పూర్తిగా కాలితే 490 కిలోజూళ్ల వేడి పుడుతుంది. లీటరున్నర చల్లటి నీళ్లను మరిగించేంత. పొగ జోరుగా ప్రవహిస్తుంటే ఆ వేడిని మోసుకుపోతుంది. సరిగ్గా అప్పుడే బండి ఆగి ఇంజన్ ఐడిల్లో పడితే, మోసుకుపోయే పొగ తగ్గి, కాల్చే ఆక్సిజన్ శాతం పెరుగుతుంది. లోపల వేడి వెయ్యి డిగ్రీలు దాటి ఫిల్టర్ పగలవచ్చు, కరగనూవచ్చు. తక్కువ వేడికే కొంచెం కొంచెంగా కాల్చే ఉత్ప్రేరకం ఇక్కడ రక్షణగా నిలుస్తుంది. మసి అంత పేరుకునే దాకా రానివ్వదు.

ఫిల్టర్ తీసేయించే ఆలోచన గురించి రెండు మాటలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పులను ఒప్పుకోదు. 182-ఏ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. పొల్యూషన్ పరీక్షలో పాసైతే చాలని కొందరు సర్దిచెప్పుకుంటారు. ఆ పరీక్ష పొగ ఎంత నల్లగా ఉందో మాత్రమే కొలుస్తుంది. కంటికి కనిపించని సన్నటి రేణువుల లెక్క దానికి తెలియదు. ఊపిరితిత్తుల లోతుకు పోయేవి అవే.

ఊళ్లోనే తిరిగే డీజిల్ కారును వారానికో పది రోజులకో ఒకసారి రహదారి మీద అరగంట పాటు ఆగకుండా నడిపితే చాలావరకు లైటు బెడద తప్పుతుంది. విజయనగరం వాళ్లకైతే భోగాపురం మీదుగా రణస్థలం దాకా ఒక రాకపోక సరిపోతుంది. ఆ వేడి అందే అవకాశమే లేని రోజువారీ తిరుగుడైతే డీజిల్ కారు కొనడం సరైన ఎంపిక కాదు. ఎంత మంచి ఆక్సైడ్ పూత అయినా 200 డిగ్రీల పొగతో అద్భుతం చేయలేదు.

కాలనిది

ఉత్ప్రేరకం కాల్చలేనిది ఒకటి మిగులుతుంది. ఇంజన్ ఆయిల్లో కాల్షియం, జింకు, భాస్వరం, మెగ్నీషియం సమ్మేళనాలు ఉంటాయి. ఆయిల్ కొద్దికొద్దిగా సిలిండర్లో కాలినప్పుడు వాటి బూడిద పొగతో వచ్చి ఫిల్టర్ గొట్టాల చివర చేరుతుంది. అది ఇప్పటికే కాలిపోయిన పదార్థం. 600 డిగ్రీలు ఇచ్చినా, సీరియా పూసినా చలించదు. పైగా గోడకూ మసికీ మధ్య పొరలా పరుచుకుని ఉన్న కాస్త స్పర్శనూ చెడగొడుతుంది. బీఎస్-6 బండ్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిలే పోయమని కంపెనీలు చెప్పేది ఇందుకే. పాత లారీకి పోసే ఆయిల్ డబ్బా ఇంట్లో మిగిలింది కదా అని కొత్త కారులో పోస్తే ఫిల్టర్ త్వరగా నిండుతుంది. లైటు మసి వల్ల వెలిగిందా, బూడిద వల్ల వెలిగిందా అన్నది స్కానర్ పెట్టి, రీజనరేషన్ చేయించాక కూడా ఫిల్టర్ ముందువెనుకల ఒత్తిడి తేడా తగ్గిందో లేదో చూస్తే తెలుస్తుంది. తగ్గకపోతే అది చాలావరకు బూడిదే. ఫిల్టర్‌ను విప్పదీసి, పొగ బయటికి వచ్చే వైపు నుంచి గాలి కొట్టి దులిపించాల్సిందే.